చవక బట్టలు కొనేముందు ఒకసారి లోపలి వైపు తిప్పి చూడండి

విదేశానికి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: చవగ్గా కొంటే నాలుగు ఉతుకులకే పాడైపోతున్నాయి, ఖరీదైనవి కొనే స్తోమత ఇంకా లేదు, ఏం చేయాలి అని. తక్కువ ధరలోనూ గట్టివి దొరుకుతాయండీ, కాకపోతే షాపులో రంగు, డిజైన్ చూసి మురిసిపోకుండా ముందు లోపలి వైపు తిప్పి చూడాలి.

అసలు సంగతంతా కుట్టులోనే ఉంటుంది. అతుకుకు రెండు పక్కలా పట్టుకుని మెల్లగా లాగండి, మధ్యలో దారాలు పళ్లలా బయటపడి సందు కనిపిస్తే అది ఎక్కువ రోజులు ఉండదు. చొక్కా అయితే అంగుళానికి పది, పన్నెండు కుట్లు ఉంటే మంచిది, ఏడెనిమిదే ఉంటే హడావుడిగా కుట్టేశారని అర్థం. అంచుల్లో పోగులు వేలాడుతున్నా, గుండీ వేలితో కదిపితే ఊగుతున్నా పక్కన పెట్టేయండి. జిప్ నాలుగైదు సార్లు పైకీ కిందికీ లాగి చూడటానికి మొహమాటపడకండి.

తర్వాత బట్ట. టీషర్టు లోపల చెయ్యి పెట్టి వెలుతురుకు పట్టుకోండి, అరచేతి గీతలు కూడా కనిపిస్తున్నాయంటే మరీ పల్చనన్నమాట. ఏ బట్టయినా కొంచెం సాగదీసి వదిలితే వెంటనే మామూలు ఆకారానికి రావాలి, అక్కడే వదులుగా ఉండిపోతే మోకాళ్ల దగ్గర, మోచేతుల దగ్గర సంచిలా వేలాడుతుంది. ముదురు రంగయితే లోపలి మడత మీద తెల్ల టిష్యూతో రుద్దండి, దానికి రంగు అంటితే మిగతా బట్టలకూ అంటుతుంది.

లేబుల్ చదవడం మాత్రం మానొద్దు. వచ్చిన మొదటి చలికాలంలో మెత్తగా ఉంది కదా అని నేను కొన్న స్వెట్టర్ పూర్తిగా యాక్రిలిక్ అనే కృత్రిమ నూలు, నెల తిరక్కుండానే చంకల కింద ఉండలు కట్టేసింది, డబ్బులు లేని రోజుల్లో ఆ బాధ ఇంకా గుర్తుంది. జీన్స్‌లో ఎలాస్టేన్ (సాగే పోగు) ఒకటి రెండు శాతం ఉంటే ఫర్వాలేదు. డ్రై క్లీన్ మాత్రమే అని ఉంటే ఆ ఖర్చు కూడా ధరలో కలిపి లెక్కేసుకోండి.

ఆన్‌లైన్‌లో తిప్పి చూడలేం కాబట్టి, ఉతికాక తీసిన ఫొటోలున్న రివ్యూలే చదవండి, వాపసు గడువు చూసుకోండి, ఇంట్లో వేసుకుని చేతులు పైకెత్తి, కూర్చుని, వంగి చూశాకే ట్యాగ్ తీయండి. కాటన్ అయితే డ్రయ్యర్ వేడికి కుంచించుకుపోతుంది, అందుకని ఒంటికి మరీ అతుక్కున్నట్టున్న సైజు తీసుకోకండి, లోపలి వైపు బయటికి తిప్పి చల్లటి నీళ్లలో ఉతికి హ్యాంగర్‌కు ఆరేయండి.