హాల్లో రిమోట్ నొక్కితే అత్తయ్యగారి గదిలో టీవీ మారిపోతోంది

ప్రశ్న: మాది తెనాలి. నాకు 38 ఏళ్లు. మావారు ప్రైవేటు ఉద్యోగి, పాప పదో తరగతి చదువుతోంది. మామయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఎనిమిది నెలల క్రితం అత్తమామలను పల్లె నుంచి మా ఇంటికి తీసుకువచ్చాం. మొదట్లో వాళ్లు హాల్లోనే మాతోపాటు టీవీ చూసేవారు. ఇబ్బంది పడుతున్నారని, వాళ్ల టీవీని వెనక గదిలో పెట్టి, హాల్లోని సెటాప్ బాక్సు నుంచే వైరు లాగించాం. అప్పటి నుంచి నేను హాల్లో ఛానల్ మారిస్తే ఆ గదిలోనూ మారిపోతోంది. రాత్రి బాక్సు కట్టేస్తే వాళ్లకీ ఆగిపోతోంది. "మా కోడలు చూపించిందే మేము చూడాలి" అని అత్తయ్యగారు పక్కింటివాళ్లతో అనడం విన్నాను. నేను కావాలని మార్చలేదు. ఇంకో బాక్సు పెట్టిద్దామంటే నెలకు మరో 300 రూపాయలు ఎందుకంటారు మావారు. ఒకే ఇంట్లో రెండు కనెక్షన్లేమిటి, వేరు కాపురంలా, అంటారు మామయ్యగారు. ఇప్పుడు అత్తయ్యగారు నాతో ముభావంగా ఉంటున్నారు. నేను చేసిన తప్పేమిటి?

జవాబు: కావాలని మార్చలేదన్న మీ మాటను నేను పూర్తిగా నమ్ముతున్నాను. అయితే మీ అత్తయ్యగారి మాటను మీరు నిందగా తీసుకుని బాధపడ్డారు కానీ, ఆ మాటలో ఉన్నది ఉన్నట్టు చెప్పిన నిజమే నాకు కనిపించింది. మీ ఇంట్లో ప్రస్తుతం ఉన్న ఏర్పాటు ప్రకారం, మీరు చూపించిందే వారు చూడాలి. మరో దారి వారికి లేదు. ఎందుకు లేదో ముందుగా తెలుసుకుంటే, మీ ఇద్దరిలో ఎవరి మనసునూ తప్పుపట్టవలసిన పని ఉండదు.

డిష్ నుంచి వచ్చే సంకేతంలో వందల ఛానళ్లు కలిసి ఉంటాయి. మీరు రిమోట్‌తో ఎంచుకున్న ఒక్క ఛానల్‌ను మాత్రమే సెటాప్ బాక్సు అందులో నుంచి విడదీసి, దాని తాళం తెరిచి, బొమ్మగా మార్చి బయటికి పంపుతుంది. ఆ బొమ్మను ఒక వైరులో హాల్లోని టీవీకి, మరో వైరులో వెనక గదిలోని టీవీకి పంపవచ్చు, కానీ వెళ్లేది అదే బొమ్మ. ఎంత ఖరీదైన వైరు వేయించినా, మధ్యలో వైరును రెండుగా పంచే ఏ స్ప్లిట్టర్ పెట్టించినా ఈ సంగతి మారదు. అంటే ఆ గదిలో ఉన్నది పేరుకు టీవీయే అయినా, నిజానికి అది మీ హాల్లోని టీవీకి నీడ. వారు దానిని ఆపగలరు, శబ్దం పెంచుకోగలరు, అంతే. ఛానల్ మార్చాలంటే మోకాలి ఆపరేషన్ అయిన మనిషి లేచి హాల్లోకి రావాలి, లేదా మిమ్మల్ని పిలిచి అడగాలి. సొంత ఇంటిలో ఇన్నేళ్లు తన ఇష్టప్రకారం బతికిన పెద్దావిడకు, రోజుకు నాలుగుసార్లు కోడలిని అడగడం ఎంత కష్టమో ఊహించండి. రెండుసార్లు అడిగి, మూడోసారి మొహమాటపడి, ఆ తర్వాత ఏది వస్తే అది చూస్తూ కూర్చుని ఉంటారు. ముభావం అక్కడే మొదలైంది.

మీ ఉత్తరంలో నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసినది మరో వాక్యం. మొదట్లో వారు హాల్లోనే కూర్చునేవారని రాశారు. ఇబ్బంది పడుతున్నారని గదిలో టీవీ పెట్టామన్నారు కానీ, ఆ ఇబ్బంది ఏమిటో, గదిలో టీవీ కావాలని వారే అడిగారో లేదో రాయలేదు. మోకాలి ఆపరేషన్ అయినవారు లోతుగా దిగిపోయే మెత్తటి సోఫాలో కూర్చుంటే లేవడానికి నానా అవస్థ పడతారు. కొంచెం ఎత్తుగా ఉండి, చేతులు ఆనించుకునే వీలున్న గట్టి కుర్చీ వారికి కావాలి. హాల్లో అలాంటి కుర్చీ ఒకటి వేసి ఉంటే సరిపోయే ఇబ్బందికి, మంచి మనసుతోనే, గది చూపించారేమో ఒకసారి గుర్తు చేసుకోండి. పెద్దవాళ్లకు అది హాల్లో చోటు పోవడంగా అనిపించి ఉండవచ్చు.

మామయ్యగారు వేరు కాపురమన్న మాటను కూడా ఈ వెలుగులోనే చూడాలి. ఆయన తరం టీవీని ఎరిగిన తీరు వేరు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా ప్రసారాలు అందించే ప్రయోగం జరిగినప్పుడు, గొడుగులాంటి ఒక డిష్, ఒక టీవీ, దాని ముందు ఊరంతా కూర్చోవడం అన్నదే పద్ధతి. తర్వాత చాలా ఏళ్ల వరకు టీవీ ఉన్న ఒక్క ఇంటికే వీధంతా చేరేది. అలా చూసినవారికి టీవీ అంటే నలుగురూ ఒకచోట కూర్చోవడం. ఆయన మాటలో నాకు పిసినారితనం కనిపించలేదు, విడిగా కూర్చోబెట్టారన్న దిగులే వినిపించింది. అందువల్ల రెండో బాక్సు ఒక్కటే తెచ్చిపెడితే ఆ దిగులు మరింత బలపడుతుంది. మీరు రెండు పనులూ కలిపి చేయాలి: గదిలో వారి చేతికి సొంత రిమోట్ రావాలి, హాల్లో వారి కుర్చీ వారికి ఉండాలి.

బాక్సు విషయంలో మీ వారికి చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. రెండో బాక్సుకు మేడ మీద ఇంకో డిష్ అక్కరలేదు. డిష్ ముందు భాగాన ఉండే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పరికరాన్ని మార్చి, రెండు వైర్లకు చోటున్న దానిని బిగించి, రెండో వైరును నేరుగా ఆ గదిలోకి దించితే చాలు. ఖర్చు తగ్గుతుందని, కేబుల్ టీవీకి వాడే మామూలు స్ప్లిట్టర్‌తో ఒకే వైరును రెండు బాక్సులకు పంచమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. బాక్సు తనకు కావలసిన ఛానళ్ల వరుసను ఎంచుకోవడానికి అదే వైరులో పైకి 13 లేదా 18 వోల్టుల విద్యుత్తును పంపుతుంది. రెండు బాక్సులు ఒకే వైరులో చెరొకటి అడిగితే, ఒక గదిలో కొన్ని ఛానళ్లు మాయమవుతుంటాయి, మళ్లీ అనుమానాలు మొదటికి వస్తాయి.

నెలసరి ఖర్చు మీ వారు అనుకున్నంత కాకపోవచ్చు. ఒకే ఇంట్లోని రెండో టీవీకి నెట్‌వర్క్ రుసుము, అంటే ఛానళ్ల ధర కాకుండా కనెక్షన్‌కు కట్టేది, మొదటి దానిలో 40 శాతానికి మించరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో నిర్ణయించింది. 2024 జులైలో ఆ రుసుముపై పరిమితులను తొలగించి, నిర్ణయాన్ని సంస్థలకే వదిలిపెట్టింది కనుక, ఒకే ఖాతా కింద రెండో బాక్సు తీసుకుంటే ఎంత అవుతుందో మీ డీటీహెచ్ సంస్థనే అడగాలి. పెద్ద ప్యాకేజీ తీసుకోకుండా, వారు నిజంగా చూసే ఛానళ్లను మాత్రమే విడివిడిగా ఎంచుకుంటే రీఛార్జ్ ఇంకా తగ్గుతుంది. నెలకు పైసా కట్టనక్కరలేని డీడీ ఫ్రీ డిష్ ఉంది కదా అని మీ వారు అనవచ్చు. దానికి సాధారణంగా వేరే దిక్కుకు తిప్పిన మరో డిష్ కావాలి. దూరదర్శన్ తెలుగు ఛానళ్లు సప్తగిరి, యాదగిరి వస్తాయి కానీ, అత్తయ్యగారు రోజూ చూసే ధారావాహికలు డబ్బు కట్టే ఛానళ్లలోవైతే అవి అందులో దొరకవు. ఉచితమని చెప్పి ఆమెకు ఇష్టమైనవి లేని డబ్బాను గదిలో పెడితే, అది ఇప్పుడున్న వైరు కంటే ఎక్కువగా బాధిస్తుంది.

మామయ్యగారు తమ రీఛార్జ్ తామే కట్టుకుంటామంటే వద్దనకండి, అది వారి మర్యాదకు సంబంధించిన విషయం. మీరే కడితే మాత్రం గడువు దాటకుండా చూసుకోండి. డబ్బులు కట్టండి అన్న అక్షరాలు ధారావాహిక మధ్యలో వారి టీవీ మీద మాత్రమే రావడం చాలా చిన్నతనంగా ఉంటుంది.

ఇక మాట్లాడే సంగతి. పక్కింటివాళ్లతో అన్నది మీరు విన్నారన్న విషయం ఎత్తకండి. ఎత్తితే ఆవిడ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది, అసలు విషయం పక్కకు పోతుంది. మధ్యాహ్నం ఇద్దరే ఉన్నప్పుడు దగ్గర కూర్చుని, "అత్తయ్యా, నేను ఇక్కడ మార్చినప్పుడల్లా మీకు అక్కడ మారిపోతోందని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు, నాదే పొరపాటు. మీరు ఏయే ఛానళ్లు చూస్తారో చెప్పండి, రాసుకుంటాను" అనండి. క్షమాపణ అక్కడితో ఆపి, కాగితం, పెన్ను పట్టుకోండి. మామయ్యగారితో మాట్లాడవలసినది మాత్రం మీరు కాదు, మీ వారు. తండ్రి దిగులుకు జవాబు కొడుకు నోటి నుంచే రావాలి. రాత్రి వార్తలు హాల్లో అందరం కలిసి చూద్దాం నాన్నా, మీ కుర్చీ తెప్పించాను అని ఆయన చెప్పాలి, చెప్పిన రోజే ఆ కుర్చీ ఇంట్లో ఉండాలి.

మెకానిక్ వచ్చేవరకు ఒక పద్ధతి పాటించండి. హాల్లో ఛానల్ మార్చేముందు, బాక్సు కట్టేసేముందు, పాప వెళ్లి "నానమ్మా, చూస్తున్నారా?" అని అడిగి రావాలి. రిమోట్ సంకేతాన్ని ఒక గది నుంచి మరో గదిలోని బాక్సుకు చేర్చే చిన్న పరికరాలు దొరుకుతాయి కానీ, ఒకే బాక్సుకు రెండు రిమోట్లు పెట్టి ఇద్దరూ చెరోవైపు లాగడం మీ ఇంటికి ఇప్పుడు మంచిది కాదు.

పాప చదువుకు శబ్దం అడ్డుగా ఉంటే, తగ్గించమని గది బయట నుంచి కేకవేయడం కంటే మామయ్యగారికి చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించడం మేలు. వినికిడి తగ్గినవారు తరచూ శబ్దం పెంచుతుంటారు.

కొత్త బాక్సు బిగించిన రోజున మెకానిక్ రిమోట్ వాడకం చెప్పేటప్పుడు మీ వారికి కాకుండా అత్తయ్యగారికే చెప్పమనండి, రిమోట్ ఆవిడ చేతికే ఇప్పించండి. హాల్లో నుంచి ఆ గదికి లాగిన పాత వైరును అదే రోజు తీయించేయండి.