పేతురు పాఠం రాస్తున్న చెల్లెమ్మకు

ప్రియమైన చెల్లెమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు.

యేసయ్య ఎవరో తెలియదని కోడి కూయకముందే మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురు గురించి నువ్వు పంపిన సండే స్కూల్ పాఠం రెండుసార్లు చదివాను. భాష తేటగా ఉంది, పిల్లలకు అర్థమవుతుంది. అయితే కోడి కూయడం, పేతురు ఏడవడం, యేసయ్య క్షమించడం మూడూ నాలుగు వాక్యాల్లో అయిపోయాయి. మిగతా పేజీన్నర కోడి ముసుగు తయారీకి పోయింది. ఆ ముసుగు పెట్టుకుని పిల్లలు కొక్కొరొకో అంటూ ఇంటికెళ్తారు. అమ్మ ఏం నేర్చుకున్నావని అడిగితే కోడి గురించే చెప్తారు. ముసుగు తీసెయ్. ఈ పాఠంలో పిల్లలు చూడాల్సింది పడిపోయిన మనిషిని, అతన్ని వెతుక్కుంటూ వచ్చిన ప్రభువును.

దీన్ని రెండు ఆదివారాలకు విడగొట్టు. మొదటి వారానికి లూకా 22, రెండో వారానికి యోహాను 21 ఆధారం చేసుకో. నాలుగు సువార్తల్లోని వివరాలన్నీ ఒకే కథలో కలిపేస్తే టీచరే తడబడతారు. పక్క సువార్త నుంచి ఒకటి రెండు వివరాలు తెచ్చుకున్నా వెన్నెముక ఒకటే ఉండాలి. ముప్పావు గంట తరగతిలో కథకు పన్నెండు నిమిషాలకు మించి ఇవ్వకు. ప్రశ్నలకు పది నిమిషాలు కచ్చితంగా మిగలాలి, ఎందుకంటే పిల్లల అసలు బరువులు బయటికొచ్చేది అప్పుడే.

మొదటి వారంలో పేతురు ఒక్కసారిగా పడిపోయినట్టు రాయకు. చెరసాలకైనా, చావుకైనా వస్తానని మాటిచ్చాడు. తోటలో నిద్రపోయాడు. ఇది పాపమని రాయొద్దు, వాళ్లు దుఃఖంతో నిద్రపోయారని లూకాయే చెప్పాడు. తర్వాత యేసును దూరం నుంచి వెంబడించాడు. ఆయన్ను పట్టుకున్నవాళ్ల మధ్యే మంట దగ్గర కూర్చున్నాడు. అప్పుడొచ్చింది, "ఇతను కూడా ఆయనతో ఉన్నాడు" అన్న పనిపిల్ల మాట. పెద్ద పిల్లల తరగతి జూనియర్స్‌కైతే ఇవన్నీ బోర్డు మీద మెట్లలా గీయించొచ్చు. రెండో అబద్ధానికీ మూడో అబద్ధానికీ మధ్య సుమారు గంట గడిచిందని లూకా రాశాడు. ఈ వివరాన్ని చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు. "ఆ గంటలో పేతురు ఏం చేసి ఉండొచ్చు?" అని అడిగించు. లేచి వెళ్లిపోవచ్చు, నిజం చెప్పొచ్చు, ప్రార్థన చేయొచ్చు అని పిల్లలే చెప్తారు. ఒక అబద్ధం తర్వాత ఆగడానికి ఇంకా సమయం ఉంటుందన్న సంగతి వాళ్ల నోటి నుంచే రావాలి.

ప్రభువు తిరిగి పేతురు వైపు చూశాడు. ఈ వాక్యం రాసి ఆగిపో. "కోపంగా" అనో "జాలిగా" అనో చేర్చకు. లూకా చెప్పలేదు. నువ్వు "కోపంగా" అని రాస్తే టీచర్ కళ్లు పెద్దవి చేసి చూపిస్తారు, పిల్లల మనసులో ఆ ముఖమే ఉండిపోతుంది. ఆ చూపు ఎలా ఉండి ఉంటుందో పిల్లల్నే అడగమని టీచర్ సూచనలో రాయి. వాళ్లు చెప్పే జవాబులను బట్టి దేవుని గురించి ఇంట్లో ఏం వింటున్నారో తెలిసిపోతుంది. "కొడతాడేమో" అన్న పిల్లవాడితో ఆ రోజు టీచర్ కొంచెం ఎక్కువసేపు ఉండాలి.

పేతురు ఏడుపుతో మొదటి వారం ముగించడం ప్రమాదం. ఏదో దాచుకున్న పిల్ల ఆ ఏడుపునే మోసుకుని ఏడు రోజులు తిరుగుతుంది. పైగా వచ్చే ఆదివారం ఆ పిల్ల ఏ పెళ్లికో ఊరెళ్తే రెండో భాగం అసలు వినదు. అందుకని లూకా 22:32తో ముగించు. నీ నమ్మకం తప్పిపోకుండా నీ కోసం వేడుకున్నానని యేసు పేతురుకు ముందే చెప్పాడు, తిరిగి వచ్చాక సోదరులను బలపరచమని పని కూడా అప్పుడే అప్పగించాడు. పేతురు పడకముందే అతని కోసం ప్రార్థన జరిగిపోయింది. ఇంటికి పంపే కార్డు మీద ఈ మాటే వేయి. వి.బి.ఎస్. (వేసవి సెలవుల బైబిల్ బడి) పుస్తకం కోసమైతే రెండు భాగాలూ వరుస రోజుల్లో పెట్టేయ్, ఈ చిక్కు ఉండదు.

ఇక రెండో వారం. ముసుగు బదులు ఒక పాత మట్టి మూకుడు, ఆరేడు బొగ్గు ముక్కలు, వాటి కింద చిన్న టార్చ్, పైన ఎర్ర సెల్లోఫేన్ కాగితం చాలు. నిజం నిప్పు వద్దు. మొదటి వారం ప్రధానయాజకుని ముంగిట మంట దగ్గరకు కథ వచ్చినప్పుడు టార్చ్ వెలిగించి, కోడి కూయగానే ఆర్పి, గుడ్డ కప్పేయాలి. రెండో వారం, తిరిగి లేచిన యేసు దగ్గర ఒడ్డున చేపలు, రొట్టె ఉన్న చోట అదే మూకుడు తెరిచి మళ్లీ వెలిగించాలి. యోహాను రెండు చోట్లా బొగ్గుల నిప్పు గురించే రాశాడు. టీచర్ దీన్ని వివరించకూడదని గట్టిగా రాయి. "అదే మంట కదా!" అని ఎవరో ఒక పిల్ల అంటుంది. ఎవరూ అనకపోయినా ఫర్వాలేదు, మూడు ప్రశ్నల దగ్గర చేతులు లేస్తాయి.

ఈ అధ్యాయంలోనే నీకు కావలసిన ఇంకో సంగతి ఉంది. పేతురు, తోటి శిష్యులు రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడలేదు. అది ఓటమే గాని పాపం కాదు. యేసు దాని గురించి ఒప్పుకోమని అడగలేదు. కుడి పక్కన వేయమన్నాడు, 153 పెద్ద చేపలు పడ్డాయి. తర్వాత వచ్చి భోంచేయమన్నాడు. తెలియదని మూడుసార్లు బొంకిన సంగతి వేరు. దాన్ని ఆయన ఊరికే వదిలేయలేదు, తిన్న తర్వాత "నన్ను ప్రేమిస్తున్నావా?" అని మూడుసార్లు అడిగాడు. ఈ తేడా పిల్లలకు తెలియాలి. మన ఇళ్లల్లో గ్లాసు పగలడం, లెక్కల్లో తప్పడం, కంఠత వాక్యం మర్చిపోవడం, పక్క తడపడం అన్నీ "దేవుడికి కోపం వస్తుంది" అన్న ఒక్క మాట కిందకే వస్తున్నాయి. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చేది కూడా వి.బి.ఎస్. రోజులకు అటూ ఇటూగానే. ఫెయిలైన పిల్లవాడు మన తరగతిలో కూర్చుని క్షమాపణ ప్రార్థన చేస్తే మనం వాడికి తప్పు నేర్పినట్టే. ఖాళీ వలకు, అబద్ధానికి విడివిడిగా ప్రశ్నలు రాయి.

ఉదాహరణలు పిల్లల వయసుకు తగ్గవే తీసుకో. కానుక పది రూపాయలతో చిప్స్ కొనుక్కోవడం, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తనే పెట్టుకోవడం లాంటివి. పేతురుకు అన్నిటికంటే దగ్గరది ఇది: అందరూ ఏడిపిస్తున్న పిల్లవాడిని చూపించి "వాడు నీ ఫ్రెండా?" అని అడిగితే "కాదు" అనడం. "స్కూల్లో నువ్వు క్రైస్తవుడివని చెప్పకుండా దాచావా?" అన్న ప్రశ్న నీ పాఠంలో ఉంది, కొట్టేయ్. ఎనిమిదేళ్ల పిల్ల ఏ భయంతో నోరు మూసుకుందో మనకు తెలియదు. ఆ బరువు దాని మీద పెట్టొద్దు.

పశ్చాత్తాపానికి కన్నీళ్లను కొలతగా పెట్టకు. కొందరు పిల్లలు ఇట్టే ఏడుస్తారు, కొందరు బిగుసుకుపోతారు. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఏడ్చినట్టు ఎక్కడా లేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. లేవీయకాండం 6లో, దొంగిలించినదాన్ని పూర్తిగా ఇచ్చి ఐదో వంతు కలపాలని ఉంది. యాభై రూపాయలైతే అరవై. జూనియర్స్‌కు ఈ లెక్క బాగా పడుతుంది. దీన్ని ధర్మశాస్త్రంలా రుద్దకు, "తీసుకున్నది తిరిగి ఇవ్వడానికి ఈ వారం నువ్వేం చేయగలవు?" అని అడిగిస్తే చాలు. అయితే వరుస మారకూడదు. యేసు జక్కయ్య ఇంటికి వస్తానన్నది ముందు, జక్కయ్య ఇస్తానన్నది తర్వాత. దీన్ని తిరగేస్తే డబ్బు కట్టి క్షమాపణ కొనుక్కున్నట్టు అర్థమవుతుంది.

యేసును డబ్బుకు పట్టించిన శిష్యుడు యూదా విషయం అడిగావు. చిన్న తరగతులైన బిగినర్స్‌కు, ప్రైమరీకి అతని చావు ఎలా జరిగిందో చెప్పొద్దు. జూనియర్స్‌కు చెప్పాల్సి వస్తే ఒకే సంగతి మీద నిలబడు. అతను కూడా బాధపడ్డాడు, ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చాడు, పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు. విన్న పెద్దలు "దానితో మాకేమి?" అన్నారు. ఇది పిల్లల కంటే టీచర్‌కే ఎక్కువ అవసరం. ఒక పిల్ల వచ్చి మెల్లగా ఏదో చెప్పబోతే "తర్వాత చెప్పు, ఇప్పుడు పాట టైమ్" అనకూడదని సూచనల్లో మొట్టమొదట రాయి. అందరి ముందు చేతులెత్తించి తప్పులు చెప్పించడం మాత్రం వద్దు. మొదటి పిల్ల నిజం చెప్తుంది, రెండో పిల్ల దాన్నే కాపీ కొడుతుంది, మూడో పిల్ల కల్పిస్తుంది. సోమవారానికి అది వీధంతా తెలుస్తుంది.

నీ పాఠం ఏ సంఘాల్లో వాడతారో కూడా కనుక్కో. సి.ఎస్.ఐ., లూథరన్ ఆరాధనల్లో అందరూ కలిసి చేసే పాపపు ఒప్పుకోలు ఉంది, కతోలిక పిల్లలు మొదటి దివ్యసత్ప్రసాదానికి ముందు గురువు (ఫాదర్) దగ్గర పాపసంకీర్తనం, అంటే పాపాలు చెప్పుకోవడం నేర్చుకుంటారు, చాలా బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో సొంత మాటల ప్రార్థనే. పిల్లలు ఇంట్లో, గుడిలో చూసేదానికి నీ సూచన అడ్డురాకూడదు.

ఇతరులను క్షమించడం గురించి మత్తయి 18లోని కథ, పెద్ద అప్పు మాఫీ అయినా తోటి దాసుడి చిన్న అప్పును వదలని దాసుడి కథ పెట్టావు, మంచిదే. అందులో చిన్న అప్పును "చిల్లర డబ్బులు" అని రాశావు. నూరు దేనారాలంటే నూరు రోజుల కూలి, మూడు నెలల పైమాటే. దెబ్బ తిన్న పిల్లకు ఆ దెబ్బ పెద్దదే, దాన్ని చిన్నది చేసి మాట్లాడితే మన మాట నమ్మదు. మరొకటి, ఇది రాయకుండా పుస్తకం అచ్చుకు పంపకు. ఒంటి మీద చేయి వేసినవాళ్లను, కొట్టి గాయపరిచేవాళ్లను క్షమించి నోరు మూసుకోమని ఈ పాఠం చెప్పడం లేదు. పిల్ల అలాంటిది చెప్తే టీచర్ నమ్మాలి, గుచ్చిగుచ్చి అడగకూడదు, రహస్యంగా ఉంచుతానని మాటివ్వకూడదు. లైంగిక వేధింపులైతే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల సహాయ నంబరు 1098ను టీచర్ పేజీలోనూ, పిల్లల కార్డు మీదా అచ్చు వేయించు. సంఘం పరువు అని ఎవరైనా అడ్డం వస్తే నువ్వు తగ్గకు.

"ఆ రోజు నుంచి పేతురు మళ్లీ ఎప్పుడూ తప్పు చేయలేదు" అన్న నీ చివరి వాక్యం తీసెయ్. అది నిజం కాదు. అంతియొకయలో అతను మనుషులకు భయపడి అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో భోజనం మానేశాడు, అపొస్తలుడైన పౌలు ముఖాముఖిగా నిలదీశాడు. గలతీయులకు 2లో ఉంది. క్షమించాక కూడా మళ్లీ అదే భయానికి లొంగిన పేతురును జూనియర్స్ చూడాలి. క్షమాపణ అడిగిన మంగళవారమే మళ్లీ అబద్ధమాడిన పిల్లవాడు, ప్రార్థన పనిచేయలేదనుకుని తరగతికి రావడం మానేయకూడదు.

కంఠత వాక్యం 1 యోహాను 1:9 పూర్తిగా జూనియర్స్‌కే పెట్టు. చిన్నవాళ్లకు "ఆయన మన పాపములను క్షమించి" అన్నంత చాలు. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు, అందుకని కార్డు మీద అక్షరాలు పెద్దవిగా వేయించు.

రెండో వారం పాఠం ముందు రాయి, మొదటిది తర్వాత. ఒడ్డున ఏం జరగబోతోందో నీ చేతికి తెలిశాక ముంగిట మంట దగ్గర ఎంత రాయాలో నీకే తెలుస్తుంది. రాశాక పిల్లలెవరికైనా గట్టిగా చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ అటూ ఇటూ కదిలారో గీత పెట్టుకుని నాకు పంపు.

ప్రభువులో
నీ అన్నయ్య