బై అంటే ‘చేత’ ఒక్కటే కాదు తమ్ముడూ

సందేహం: అన్నా, కడప నుంచి డాలస్ వచ్చి ఐదు వారాలైంది. మేనేజర్ ఒక పని ‘బై ఫ్రైడే’ ఇవ్వమన్నాడు. శుక్రవారం అటూ ఇటూగా అనుకుని సోమవారం పొద్దున పంపితే ముఖం మాడ్చుకున్నాడు. ఇంత చిన్న మాటకి ఎన్ని అర్థాలున్నాయి?

తమ్ముడూ, నీకు మేనేజర్ ముఖం మాడింది, అంతే. నాకు డబ్బులు పోయాయి. మాది అనంతపురం దగ్గర పల్లె. బళ్లో బై అంటే ‘చేత’ అని నేర్పారు, రావణుడు రాముని చేత చంపబడెను, దాంతో ఆ పాఠం అయిపోయింది. బయట విన్న ఇంకో బై సప్తగిరి సర్కిల్‌లో చెప్పే వన్ బై టూ టీ. (ఇక్కడ అలా అడగకు, ఎవరికీ అర్థం కాదు.) 2006లో విమానం ఎక్కేనాటికి నాకు తెలిసినవి ఈ రెండే.

అపార్ట్‌మెంట్ వాళ్లిచ్చిన కాగితంలో అద్దె ‘బై ద థర్డ్’ కట్టాలని ఉంది. డిక్షనరీ తీస్తే పక్కన, దగ్గర అని కనిపించింది, బై ద రివర్ అంటే ఏటి పక్కన కదా, అలాగే మూడో తారీఖు దగ్గర్లో అనుకున్నాను. ఐదో తారీఖున చెక్ పట్టుకుని పోతే 75 డాలర్లు లేట్ ఫీజు వేశారు. అప్పట్లో డాలర్ 45 రూపాయల చిల్లర, అంటే దాదాపు 3,400. నా టికెట్ కోసం మా నాయన రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాడు, నెలకు 2,000 వడ్డీ. రెండు రోజుల ఆలస్యానికి నెలన్నర వడ్డీ పోయింది! శెనక్కాయ పంట చేతికొస్తుందో రాదో తెలియని ఇంట్లో ఆ డబ్బు విలువేంటో నీకు చెప్పక్కర్లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఇంటికి ఫోన్ చేసి కూడా ఈ సంగతి చెప్పలేదు.

తర్వాత కర్నూలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఒక్క మాటలో తేల్చాడు: “అది దగ్గర కాదబ్బాయ్, కల్లా.” ఉగాది కల్లా బాకీ తీర్చాలి అంటాం చూడు, అదే. ఆ రోజు కూడా లెక్కలోకి వస్తుంది, ముందే ఇస్తే ఇంకా మంచిది, ఆ రోజు దాటితే మాత్రం ఆలస్యమే. అంటిల్ ఫ్రైడే వేరు, అది ‘దాకా’, శుక్రవారం దాకా ఆ పని సాగుతూనే ఉంటుందని. మన భాషలో రెండు వేరు వేరు మాటలున్నాయి కాబట్టి మనకు ఇది సులువుగా పట్టుబడాలి. మీ కాలం పిల్లలు చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం, పెద్ద పెద్ద మాటలు బాగానే వాడతారు, ఈ రెండక్షరాల మాటల దగ్గరే ఆగి చూడరు.

రెండో దెబ్బ కోటు దగ్గర తగిలింది. మొదటి చలికాలం, 100 డాలర్ల కోటు మీద ‘రెడ్యూస్డ్ బై 40’ అని చీటీ. 40కి వస్తుందనుకుని వరుసలో నిలబడ్డాను, కౌంటర్‌లో 60 అన్నారు. వెనక జనం ఉన్నారని మొహమాటపడి కట్టేశాను. బై 40 అంటే 40 తగ్గించారని, టు 40 అంటే 40కి తగ్గించారని. ఆ ‘కి’ ఖరీదు నాకు 20 డాలర్లు. జీతం పెంచినా, అద్దె పెంచినా, గంటలు తగ్గించినా ముందు ఈ ఒక్క మాట చూడు. 40 గంటల పనిని బై 30 తగ్గిస్తే నీకు మిగిలేది పదే.

బై ద పౌండ్, బై ద అవర్ అంటే లెక్కన. మనం శెనక్కాయలు బస్తా లెక్కన అమ్మినట్టే. పౌండ్ అంటే సుమారు 454 గ్రాములు, ద్రాక్షపళ్ల మీద రాసే ధర చాలాసార్లు సంచికి కాదు, పౌండ్‌కి, తూకం చూసుకుని తీసుకో. పే బై చెక్ అంటే చెక్ ద్వారా. టెన్ బై టెన్ గది అంటే పొడవు వెడల్పులు. రన్ ఇట్ బై మీ అంటే పరిగెత్తమని కాదు, నాకోసారి చూపించి అభిప్రాయం అడుగు అని. స్టాప్ బై అంటే ఓసారి వచ్చిపో. గెటింగ్ బై అంటే ఉన్నదాంతో నెట్టుకురావడం, ఎవరైనా అలా అడిగితే చిన్నబుచ్చుకోకు. బై యువర్‌సెల్ఫ్ అంటే ఒక్కడివే, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

పన్ను రిటర్ను మామూలుగా బై ఏప్రిల్ 15. కాగితం మీద పోస్టులో పంపితే ఆ తేదీ కల్లా పోస్టు ముద్ర పడాలి, మిగతా వివరాలు ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లో ఉంటాయి. క్రెడిట్ కార్డుకి ఒక్క రోజు ఆలస్యమైనా ఫీజు పడొచ్చు, 30 రోజులు దాటితే క్రెడిట్ రిపోర్టుకి ఎక్కొచ్చు.

నాయన తెచ్చిన లక్ష నేను 14 నెలల్లో తీర్చాను, ఆ 75 డాలర్ల తర్వాత ఇన్నేళ్లలో ఇంకో లేట్ ఫీజు కట్టలేదు. నీకూ ఊళ్లో బాకీ ఉండే ఉంటుంది. ఈ నెల అద్దె కాగితం ఇప్పుడే తీసి, బై పక్కన ఏ తారీఖు ఉందో చూసి, దానికి మూడు రోజుల ముందు ఫోన్లో అలారం పెట్టుకో.