విశ్వాసినే, అయినా మనసులో చిన్నచూపు పోవట్లేదు అన్నవారికి

"గుడికి వెళ్తాను, ప్రార్థన చేస్తాను. అయినా కొందరిని చూడగానే మనసులో చిన్నచూపు వచ్చేస్తోంది. వినయంతో దాన్ని పోగొట్టుకోవడం ఎలా?" అని అడిగారు. మీలో అది ఉందని మీకు తెలిసింది, అదే పెద్ద విషయం. నలభై దాటేదాకా నాకు తెలియలేదు.

మాది గుంటూరు జిల్లాలో ఒక ఊరు. తరతరాలుగా కతోలికులం, కులానికి రెడ్లం. మా వైపు ఇద్దరు క్రైస్తవులు కొత్తగా కలిస్తే పేరు తర్వాత అడిగేది "మీరేమిట్లు?" అనే, అంటే ఏ కులమని. నేను మాత్రం ఎవరినీ పల్లెత్తు మాట అనేదాన్ని కాదు. కాబట్టి నాకు పట్టింపులు లేవనుకున్నాను.

అక్టోబరు మాకు జపమాల మాసం. రోజుకో ఇంటికి మరియమాత స్వరూపాన్ని తీసుకెళ్ళి ప్రార్థన చేసుకుంటాం, తర్వాత టీ, గుగ్గిళ్ళు. ఒక ఏడాది ఊరి చివర ఎస్సీ కాలనీలో ఒక పెద్దావిడ ఇంటి వంతు వచ్చింది. మా చేలో ఏళ్ళ తరబడి మిరపకాయలు కోసిన మనిషి. ప్రార్థన అయింది. అల్లం టీ వాసన ఇల్లంతా నిండింది. అందరికీ గ్లాసుల్లో పోసి ఇచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి కొంగు చాటు నుంచి కూల్‌డ్రింక్ సీసా తీసింది. "కొట్లో నుంచి తెచ్చిందేనమ్మా, మూత కూడా తీయలేదు, మీరే తీసుకోండి" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నాకు ఇబ్బంది కాకూడదన్న ఆరాటమే ఉంది.

అప్పుడు గుర్తొచ్చాయి, అంతకు ముందు ఆ వీధిలో టీ వద్దన్న రోజులు. ఒకసారి గ్యాస్ అన్నాను, ఒకసారి ఇప్పుడే తాగొచ్చానన్నాను. నేను మర్చిపోయాను, ఆవిడ మర్చిపోలేదు. ఆదివారం గుడిలో పూజలో ఇచ్చే సత్ప్రసాదం ఒకే పాత్రలోంచి తీసుకుంటాం ఇద్దరం. నా పట్టింపు కోసం ఆవిడ కూలి డబ్బులు ఖర్చుపెట్టింది.

"నాకూ టీయే ఇవ్వు" అని అడిగి తాగాను. అంతటితో మారిపోయానని చెప్పను. ఇంటికొచ్చే దారిలో, ఎంత మంచి పని చేశానో అని నన్ను చూసి నేనే మురిసిపోయాను. మీరు జాగ్రత్తపడాల్సింది సరిగ్గా అక్కడే. వాళ్ళ దగ్గరికి దిగివచ్చాను అనుకున్నామంటే, మనం పైనున్నామన్న నమ్మకం చెక్కుచెదరలేదన్నమాట.

పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునేటప్పుడు, ఇది చెప్పుకుంటే ఫాదర్‌గారు ఒకటే అడిగారు, "ఈ మాట ఆవిడతో చెప్పావామ్మా?" అని. వెళ్ళి చెప్పడానికి మూడు వారాలు పట్టింది. ఆవిడ నన్ను ఓదార్చలేదు. కాసేపు ఊరుకుని, "మీ అమ్మగారు మాకు నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవారు. మీరు గ్లాసు చేతికిచ్చారు, కానీ అది విడిగా పెట్టిన గ్లాసు. నా మనవరాలు దాంతో తాగదమ్మా" అంది. ఏం చెప్పను? తల వంచుకుని విన్నాను. నాకంటే పాతికేళ్ళు పెద్ద మనిషిని అన్నాళ్ళూ పేరు పెట్టి "నువ్వు" అన్నాను. ఆ రోజు నుంచి "పెద్దమ్మా, మీరు" అంటున్నాను. మొదట్లో ఆవిడే మొహమాటపడింది.

ఒక్కసారికి పోయేది కాదిది. యేసు శిష్యుడు పేతురును చూడండి. యూదుడు కాని కొర్నేలీ ఇంట్లో "దేవుడు పక్షపాతి కాడు" అని ఒప్పుకున్నది ఆయనే. తర్వాత అంతియొకయలో, యెరూషలేము నుంచి తనవాళ్ళు (యూదులు) రాగానే అన్యుల, అంటే యూదులు కానివాళ్ళ, పంక్తిలోంచి తప్పుకున్నదీ ఆయనే. మరో అపొస్తలుడు పౌలు ఆయన్ని అందరి ముందే నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది, తీసి చదవండి. మీకూ అలా నిలదీసే మనిషి ఒకరు ఉండాలి. నాకు మా అమ్మాయి ఉంది.

ఇది మా ఒక్క ఊరి సంగతీ కాదు. 2016లో మన దేశ కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్యే దళిత సాధికారత విధానం తెస్తూ శ్రీసభలో, అంటే మన కతోలిక సంఘంలో, వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంథోనీగారు తొలి దళిత కార్డినల్ (పోపుగారి తర్వాతి స్థాయి పెద్ద) అయినప్పుడు గుడిలో అందరితో కలిసి చప్పట్లు కొట్టాను. మనస్ఫూర్తిగానే కొట్టాను.

ఇప్పుడు మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం. మొన్న పెళ్ళిళ్ళ పేరయ్య ఫోన్ చేసి, "క్రిస్టియన్సే, కానీ ఏ క్రిస్టియన్స్ చూడమంటారు?" అన్నాడు. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. మళ్ళీ చేస్తానని చెప్పి పెట్టేశాను. ఇంకా చేయలేదు. రోజూ జపమాల పట్టుకున్నప్పుడల్లా దీని గురించే అడుగుతున్నాను.