కోత పండుగకు పాట కడుతున్న అల్లుడికి

ప్రియమైన అల్లుడికి,

వందనాలు. ఈసారి మన చర్చిలో కోత పండుగకు పాట నువ్వే కడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంరా, కాస్త గుబులు కూడా. కీబోర్డు మీద వేళ్లు చురుగ్గా ఆడేవాడికి ట్యూను ముందు పుడుతుంది. మాటలు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ సర్దుకోవాల్సి వస్తుంది.

అందుకే ముందు సాహిత్యం రాయి. రెండు పాదాల పల్లవి, మూడు చరణాలు చాలు. ట్యూను మొదలుపెట్టకముందే పాస్టరు అయ్యగారికి చూపించు. దేవుణ్ణి పల్లవిలో ‘ఆయన’ అని, చరణంలో ‘నీవు’ అని రాస్తే అయ్యగారు పట్టేస్తారు. రాగం మోహనమో శంకరాభరణమో, సంఘానికి అలవాటైనదే తీసుకో. ఆది తాళం, ఎత్తుగడ సమంలోనే, అంటే తాళం మొదటి దెబ్బ మీదే. అర అక్షరం, అంటే తాళంలో అర దెబ్బ, వదిలి ఎత్తుకుంటే క్వయరు ఒకచోట, జనం ఒకచోట మొదలుపెడతారు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్తగా పాట కట్టేవాళ్లందరూ చేసే పాత తప్పొకటి ఉంది: హ్రస్వాక్షరాన్ని సాగదీయడం. ‘నీ వరము పొందితిమి’ అని రాశావనుకో. ‘వ’ మీద రెండక్షరాల కాలం నిలిపితే జనం నోట అది ‘వారము’ అవుతుంది. దేవుడి దగ్గర వారం రోజులు పొందామని పాడుతున్నట్టు! ‘పదము’ సాగితే ‘పాదము’, ‘మది’ సాగితే ‘మాది’. పాదం చివర ‘ము’ని లాగితే చెవి ఓర్చుకుంటుంది, మాట మొదట్లో ఓర్చుకోదు. సాగదీయాల్సిన చోట దీర్ఘమున్న మాటే వెయ్యి: ‘వరము’ తీసి ‘దానము’ పెట్టు.

ఊపిరి తీసుకునే చోటు కూడా చూసుకో. ‘చేయి విడువని తండ్రి’లో ‘విడు’ దగ్గర తాళం ముగిస్తే, సంఘమంతా ‘చేయి విడు’ అని దేవుణ్ణి వేడుకున్నట్టవుతుంది.

ఈ తప్పు మొదటి చరణంలో కనబడదు, ఎందుకంటే ట్యూను దాని మీదే కడతావు. రెండు, మూడు చరణాల్లో బయటపడుతుంది. మొదటి చరణంలో స్వరం నిలిచే చోట్ల పెన్సిలుతో గీత పెట్టు. మిగతా చరణాల్లో సరిగ్గా అక్కడే గురువు, అంటే దీర్ఘంలా సాగే అక్షరం, పడిందా చూడు. అక్షరాలన్నీ కలవక్కర్లేదు, ఆ నాలుగు చోట్లు కలిస్తే చాలు. తర్వాత వాయిద్యం లేకుండా, చేత్తో తాళం వేస్తూ, మామూలుగా మాట్లాడినట్టు చదువు. నాలుక తడబడిన చోట మాట మార్చు, ట్యూను కాదు. నీకు చాదస్తంగా ఉండొచ్చు. పుస్తకం చదవలేని ముసలమ్మలు చెవితోనే పాట నేర్చుకుంటార్రా. తప్పు విన్నారంటే తప్పే పాడతారు, పక్కనున్న మనవలకూ అదే వస్తుంది.

శ్రుతి నీ గొంతుకు కాదు, జనం గొంతుకు పెట్టు. ఆడవాళ్లూ మగవాళ్లూ ఒక స్థాయి తేడాతో పాడతారు. ఆడవాళ్లకు మధ్య సి నుంచి పై డి దాకా హాయి. పాట మధ్య షడ్జం (స) నుంచి తార షడ్జం (పై స) దాకా నడిస్తే ఒకటో శ్రుతి (సి) చాలు. మంద్ర పంచమానికి (కింది ప) దిగి, పైన మధ్య పంచమం దగ్గరే ఆగే పాటైతే నాలుగో శ్రుతి (ఎఫ్) పెట్టు. తార షడ్జం దాకా వెళ్లే పాటను నాలుగులో ఎత్తావో, చరణం వచ్చేసరికి నువ్వొక్కడివే మిగులుతావు.

చరణాల మధ్య వాయిద్యం నాలుగు ఆవర్తాలు (తాళం చుట్లు) మించనివ్వకు. చివర పల్లవి ఎత్తుగడ స్వరాలే వాయిస్తే జనానికి అందుకునే చోటు తెలుస్తుంది. ట్యూను ఎక్కడో విన్నట్టుందని అనుమానమొస్తే సండే స్కూలు పిల్లల ముందు కూనిరాగం తీయి. సినిమా పాటైతే నిమిషంలో పేరు చెప్పేస్తారు, వెధవలు.

తినకుండా కీబోర్డు దగ్గరే కూర్చుంటున్నావట, మీ అమ్మ బెంగపడుతోంది. భోంచేసి కూర్చో. మూడు చరణాలూ కాగితం మీద రాసి, ఆ పెన్సిలు గీతలతోనే ఫొటో తీసి పంపు. ట్యూను ఇప్పుడే పంపకు.

మీ మావయ్య