మొదటి గోడతో మేస్త్రీ కూలి మిగలదు

ప్రశ్న: ఇంట్లో చిన్నచిన్న మరమ్మతులు నేనే చేసుకుంటాను. ఇప్పుడు ఇటుక పని నేర్చుకుని, పూలమొక్కల పక్కన 6 మీటర్ల పొడవు, అర మీటరు ఎత్తున గోడ కట్టాలని ఉంది. తర్వాత ఇంటికి ఒక గది కలుపుకోవాలని ఆశ. పనిముట్లు, సామగ్రి వాయిదాల మీద కొనవచ్చా? మిగిలే మేస్త్రీ కూలితో ఆ అప్పు తీరుతుందా?

జవాబు: ఈ గోడతో తీరదు. 19 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఇటుకను సెంటీమీటరు సందుతో పేరిస్తే చదరపు మీటరుకు 50 పడతాయి. మీ గోడ 3 చదరపు మీటర్లు కనుక, విరిగేవాటితో కలిపి 165 ఇటుకలు చాలు. చేయి తిరిగిన మేస్త్రీకి ఇది ఒక్క పూట పని, కాబట్టి మీకు మిగిలేది మహా అయితే ఒక రోజు కూలి. అదే పని మీకు మూడు నాలుగు సెలవు రోజులు తీసుకోవచ్చు. వాటిలో ఒక్కటి జీతం కోతతో పెట్టిన సెలవైనా లెక్క తలకిందులవుతుంది. పునాది తవ్వకం, కాంక్రీటు ఖర్చును మీరు లెక్కలో చేర్చినట్లు లేదు. గోడ ఎంత పొట్టిదైనా అవి తప్పవు.

తాపీ, రసమట్టం (వరుస సమంగా ఉందో చూపేది), తూకపు గుండు (గోడ నిటారుగా ఉందో చూపేది), దారం, సుత్తి వంటివి ఏళ్ల తరబడి పనికొస్తాయి, వాటికి పెద్దగా ఖర్చూ కాదు. అసలు నష్టం గోడ వంకరపోయి పడగొట్టాల్సి వచ్చినప్పుడు వస్తుంది, ఎందుకంటే సిమెంటు మాలు (ఇటుకలను అతికించే సిమెంటు, ఇసుక, నీళ్ల మిశ్రమం) గట్టిపడ్డాక ఇటుకలు క్షేమంగా ఊడిరావు. అందుకే శిక్షణలో సిమెంటు కలపకుండా సున్నం, ఇసుకతో చేసిన మాలు వాడతారు. అది మెత్తగానే ఉంటుంది గనుక గోడ విప్పి, ఇటుకలు గీకి, మళ్లీ అవే పేర్చవచ్చు. ఓ 60 ఇటుకలతో, ఒక వరుస సందు మీద మరో వరుస సందు పడకుండా, గుండుకు సరిగ్గా నిలిచేలా నాలుగైదుసార్లు కట్టి విప్పండి. (సున్నం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, చేతి తొడుగులు, రక్షణ కళ్లద్దాలు కొనడానికి మాత్రం వెనుకాడవద్దు.)

సిమెంటు చవకగా దొరికిందని ఎక్కువ కొనవద్దు. పునాది కాంక్రీటు సంగతి అలా ఉంచితే, ఈ గోడ ఇటుక పనికి ఒక బస్తా కూడా పూర్తిగా పట్టదు, మిగిలింది గాలిలోని తేమకు గడ్డ కడుతుంది. కలిపిన మాలు కూడా గంటా గంటన్నరలో వాడేయాలి కనుక, చేయి నెమ్మదిగా ఆడే మీరు కొద్దికొద్దిగానే కలుపుకోవాలి.

ఇక వాయిదాల సంగతి: సరదా కోసం చేసే పనికి వడ్డీ కట్టడం నాకు సమ్మతం కాదు. నెలవారీ వినోదపు ఖర్చులోంచి రెండు మూడు నెలలు పక్కన పెట్టి కొనండి. అత్యవసర నిధిని ముట్టుకోవద్దు.

గది విషయం వేరు. బరువు మోసే గోడలు, పునాది, పైకప్పు ఇంజనీరు రూపకల్పనతో, అనుభవమున్న మేస్త్రీలతోనే జరగాలి. అనుమతులు లేకుండా కట్టిన గది ఇల్లు అమ్మేటప్పుడూ, బీమా అడిగేటప్పుడూ చిక్కు తెస్తుంది. దానికి మేస్త్రీ కూలితో సహా పూర్తి అంచనా వేయించి, ఆ మొత్తాన్ని ఎన్ని నెలల్లో కూడబెట్టగలరో చూసి, ఇప్పటినుంచే విడి ఖాతాలో పొదుపు చేయండి. మీరు నేర్చిన పని అప్పుడు అక్కరకొస్తుంది: అంచనాలో రాసిన ఇటుకల సంఖ్య సరైనదో కాదో మీరే లెక్కగట్టగలరు, కట్టిన గోడను కనీసం వారం రోజులు తడుపుతున్నారో లేదో గమనించగలరు.