అమ్మలూ, అన్‌ఇన్‌స్టాల్ నొక్కే ముందు

చిరంజీవి అమ్మలూకి పెదనాన్న ఆశీస్సులు.

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కలుపుకునే ఆ కొత్త ఎయిర్‌లైనర్ యాడాన్‌కి టెస్టర్ల బృందంలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో అంత దిగులూ పట్టుకుంది. ఎగరడం నీకు బాగా వచ్చు, అందులో నాకు సందేహం లేదు. కానీ టెస్టింగ్ అంటే ఎగరడం కాదమ్మా. పాడైన చోటే ఆగి, ఎందుకు పాడైందో తేలేదాకా అక్కణ్ణించి కదలకపోవడం. నీకేమో ఓపిక తక్కువ. ఏదైనా మొరాయిస్తే చాలు, మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేస్తావు. నా భయమల్లా ఆ అలవాటు గురించే.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే, ఒక్క మాటలో చెప్పేస్తాను. సిమ్యులేటర్ అప్‌డేట్ పూర్తిగా దిగిందో లేదో చూసుకో. గ్రాఫిక్స్ డ్రైవర్ వెర్షన్, విమానం వెర్షన్, సిమ్యులేటర్ బిల్డ్ నంబర్, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకో. కంట్రోల్ సెట్టింగుల ప్రొఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసుకో. విమానం పాత వెర్షన్ ఇన్‌స్టాలర్‌ని పారేయకు. కొత్తదానిలో కనబడిన తప్పు పాతదానిలోనూ ఉందా అని చూడటానికి అది కావాలి.

ఇక అసలు సంగతి. సిమ్యులేటర్ క్రాష్ అయి డెస్క్‌టాప్ కనబడగానే నీ చెయ్యి మళ్లీ ఐకాన్ మీదికే వెళ్తుంది. వెళ్లనివ్వకు. నీ సిమ్యులేటర్ ఎక్స్‌ప్లేన్ అయితే దాని ప్రధాన ఫోల్డర్‌లో ఉండే లాగ్ ఫైల్ ప్రతిసారీ కొత్తగా రాసుకుంటుంది. నువ్వు రెండోసారి తెరిచావంటే మొదటి క్రాష్ ఆనవాళ్లన్నీ చెరిగిపోయినట్టే. ముందు ఆ ఫైల్‌ని పక్కకు కాపీ చెయ్యి, పేరులో తేదీ, సమయం పెట్టు, తర్వాత ఏమైనా చేసుకో. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అయితే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అప్లికేషన్ లాగ్‌లో ఈవెంట్ ఐడీ 1000 ఉన్న ఎర్ర గుర్తు వెతుకు. అందులో ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ అని ఒక పేరు ఉంటుంది. ఒక్కసారి చూసి దాన్ని నమ్మేయకు. మూడు క్రాష్‌లలో మూడుసార్లూ అదే పేరు వస్తే నీకొక దారి దొరికినట్టు. ప్రతిసారీ కొత్త పేరు వస్తుంటే విమానాన్ని వదిలేసి ర్యామ్‌ని, ఓవర్‌క్లాకింగ్‌ని అనుమానించు. అన్నీ మామూలు వేగానికి తగ్గించి మళ్లీ ఎగిరి చూడు.

విమానాన్ని నిందించే అలవాటు ఇప్పటిది కాదులే. 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ 32 బిట్ ప్రోగ్రామ్. ఎంత ర్యామ్ ఉన్నా 4 జీబీకి మించి వాడుకోలేదు. ఆరేడు గంటలు ఎగిరి, సరిగ్గా దిగబోయే ముందు, పెద్ద ఎయిర్‌పోర్ట్ సీనరీ లోడ్ అవుతుండగా మెమరీ నిండిపోయేది. చివరి పది మైళ్లలో తెర మూసుకుపోయేసరికి అందరూ విమానాన్నే తిట్టేవారు. పాపం, అప్పటికే ఆ 4 జీబీలో ఎక్కువ భాగం తిన్నది సీనరీలు, టెక్స్చర్లు. 2017లో ప్రిపేర్డ్ త్రీడీ అనే ఇంకో సిమ్యులేటర్ నాలుగో వెర్షన్ 64 బిట్‌కి మారాక ఆ జబ్బు పోయింది. తిట్టే అలవాటు మాత్రం మిగిలింది.

ఇప్పుడు నేను ఎక్కువగా భయపడే తప్పు దగ్గరికి వస్తాను. దీన్ని తీరిగ్గా చదువు.

విమానానికి అప్‌డేట్ వస్తుంది. ఇన్‌స్టాల్ చేసి కాక్‌పిట్‌లోకి వెళ్తే తెరలన్నీ నల్లగా ఉంటాయి. బ్యాటరీ ఆన్‌లో ఉంది, ఎక్స్‌టర్నల్ పవర్ ఉంది, బ్రైట్‌నెస్ నాబ్‌లు తిప్పి ఉన్నాయి, పైన ప్యానెల్‌లో లైట్లు కూడా వెలుగుతున్నాయి. తెరలు మాత్రం చీకటి. ‘అప్‌డేట్ పాడుచేశారు’ అనుకుని విమానం తీసేసి మళ్లీ పెడతారు. అదే చీకటి. రెండోసారి, మూడోసారి. చివరికి 150 జీబీ సిమ్యులేటర్ మొత్తాన్ని పీకేసి రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి, పొద్దున్నే ఆశగా తెరిస్తే మళ్లీ అదే చీకటి. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు. ఇక్కడ ఇల్లు తగలబడినా ఎలుక మాత్రం చావలేదు, ఎందుకంటే అది మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో బయటి యాడాన్‌లన్నీ పెట్టుకునే కమ్యూనిటీ ఫోల్డర్‌లో క్షేమంగా కూర్చుని ఉంది. సిమ్యులేటర్ కొత్తగా పెట్టగానే భద్రంగా దాచుకున్న ఆ ఫోల్డర్‌ని తెచ్చి మళ్లీ అక్కడే పెట్టారు కదా!

ఆ ఎలుక ఒక లివరీ. ఎవరో ముచ్చటపడి వేసిన రంగులు. లివరీ అంటే ఒంటి రంగే కదా, తెరలకేం సంబంధం అనిపిస్తుంది. సంబంధం ఎలా వస్తుందో చూడు. లివరీ ఫోల్డర్‌లో ఉండే ఎయిర్‌క్రాఫ్ట్ కాన్ఫిగ్ ఫైల్ ‘నా అసలు విమానం ఫలానాది’ అని ఒక లైన్‌లో చెబుతుంది. రంగుల టెక్స్చర్లు మాత్రం తన దగ్గర ఉంచుకుని మిగతావన్నీ అసలు విమానం నుంచి తీసుకుంటే ఏ గొడవా లేదు. కానీ కొన్ని లివరీల్లో, రిజిస్ట్రేషన్ నంబర్ కాక్‌పిట్‌లో కనబడాలనో ఇంకెందుకో, తెరల వివరాలుండే అసలు విమానం ప్యానెల్ ఫోల్డర్‌ని కూడా కాపీ చేసి పెడతారు. అప్పుడు సిమ్యులేటర్ అసలు విమానపు ప్యానెల్ కాన్ఫిగ్‌ని వదిలి ఈ కాపీనే చదువుతుంది. కాపీ చేసిన రోజున రెండూ ఒకటే కాబట్టి అంతా బాగానే ఉంటుంది. తర్వాత అప్‌డేట్‌లో తెరల మీద బొమ్మ గీసే గేజ్‌ల పేర్లు మారాయనుకో, అసలు విమానంలో కొత్త పేర్లు, లివరీలో పాత పేర్లు. ఆ పాత పేరుతో గీయడానికి ఇప్పుడక్కడ ఏదీ లేదు. అందుకే తెర నల్లగా ఉండిపోతుంది.

పరీక్ష రెండు నిమిషాల పని. విమానంతో పాటు వచ్చిన సొంత లివరీ ఎంచుకుని అదే గేటు దగ్గర లోడ్ చెయ్యి. తెరలు వెలిగితే విమానం మంచిదే. తర్వాత లివరీ ఫోల్డర్ తెరిచి లోపల ప్యానెల్ అనే ఫోల్డర్ ఉందేమో చూడు. ఉంటే ఆ లివరీని పక్కన పెట్టి, కొత్త వెర్షన్‌కి సరిచేసింది వచ్చేదాకా ఆగు. నువ్వే సరిచేస్తానని చెయ్యి పెట్టకు. లేఅవుట్ జేసన్ ఫైల్‌లో ప్రతి ఫైల్ పేరూ సైజూ రాసి ఉంటాయి. ఒక ఫైల్ మార్చి ఆ పట్టికను మళ్లీ తయారు చేయకపోతే ఇంకో కొత్త తప్పు నువ్వే పుట్టించినట్టవుతుంది. టెస్టింగ్ చేసినన్నాళ్లూ సొంత లివరీ తప్ప ఇంకోటి వాడనని నాకు మాట ఇవ్వు. ముచ్చటైన రంగులు తర్వాతైనా వేసుకోవచ్చు.

తప్పు లివరీలో కాదని తేలితే కమ్యూనిటీ ఫోల్డర్‌ని ఖాళీ చేసి, ఆ విమానం ఒక్కటే ఉంచి చూడు. అప్పుడు బాగుంటే దొంగ మిగతావాటిలో ఉన్నాడు. ఒక్కొక్కటీ పెట్టి చూస్తే తెల్లారిపోతుంది, సగం సగం పెట్టు. 64 ప్యాకేజీలున్నాయనుకో, ముందు 32 పెట్టు. తప్పు వస్తే అందులో 16, రాకపోతే మిగతా 32లో 16. ఇలా ఆరుసార్లు లోడ్ చేస్తే దొరికిపోతాడు. ఒకేసారి డ్రైవర్ మార్చి, సెట్టింగులు మార్చి, సీనరీ తీసేసి ‘పోయింది’ అని సంబరపడకు. దేనివల్ల పోయిందో తెలియకపోతే బృందానికి అది పనికిరాదు, నీకూ మళ్లీ వచ్చినప్పుడు పనికిరాదు.

అప్‌డేట్ తర్వాత మొదటిసారి లోడ్ అయినప్పుడు వెబ్ అసెంబ్లీ మాడ్యూల్స్ అనే ప్రోగ్రామ్ ముక్కలు వాడే విమానాలకు కాస్త ఎక్కువ సమయం పడుతుంది, నీ కంప్యూటర్‌కి తగ్గట్టు వాటిని సిమ్యులేటర్ కంపైల్ చేసుకోవాలి. స్తంభించిందని టాస్క్ మేనేజర్‌తో చంపేయకు. ఆ కంపైలైన ఫైల్ తీసేసి మళ్లీ చేయించమని ఎవరైనా చెబితే ఆ ఒక్క ఫైలే తీసెయ్యి. పక్కనే ఉండే వర్క్ ఫోల్డర్‌లో కొన్ని విమానాలు నీ ఆప్షన్లు, సేవ్ చేసిన ప్యానెల్ స్థితులు దాచుకుంటాయి. మొత్తం తుడిచేసి ఏడ్చి లాభం లేదు.

ఆటోపైలట్ ఉన్నట్టుండి ఊడిపోతోందని చాలా ఫిర్యాదులు వస్తాయి. ముందు నీ జాయ్‌స్టిక్ చూడు. కంట్రోల్స్ పేజీలో దాని గీతను తెరిచి, చెయ్యి తీసేసి, ఒక నిమిషం కదలకుండా చూస్తూ కూర్చో. స్టిక్ కదలికను కొలిచే పొటెన్షియోమీటర్ పాతబడితే ఎవరూ ముట్టుకోకుండానే ఆ గీత సన్నగా వణుకుతుంది, మధ్యలో ఒక్కసారి చటుక్కున గెంతుతుంది. ఆ గెంతునే విమానం ‘పైలట్ స్టిక్ పట్టుకున్నాడు’ అనుకుంటుంది. డెడ్ జోన్ (మధ్యలో చిన్న కదలికల్ని పట్టించుకోని భాగం) 3 నుంచి 5 శాతం పెట్టి మళ్లీ చూడు. కొత్త పరికరం తగిలించినప్పుడు సిమ్యులేటర్ దానికి తనంతట తానే కొన్ని బటన్లు, యాక్సిస్‌లు కేటాయిస్తుంది. థ్రాటిల్ రెండు పరికరాలకు కట్టి ఉంటే రెండూ చెరోవైపు లాగుతాయి. ఆటో రడ్డర్, ఆటో ట్రిమ్ లాంటి సహాయాలన్నీ ఆపేసి ఉంచు. ఎయిర్‌బస్ అయితే థ్రాటిల్ కాలిబ్రేషన్‌లో ఐడిల్, క్లైంబ్, ఫ్లెక్స్, టోగా స్థానాలు ఒక్కొక్కటీ విడిగా పట్టించాలి. క్లైంబ్ గాడిలో లీవర్ సరిగా పడకపోతే ఆటోథ్రస్ట్ పని చేయట్లేదని నువ్వో రిపోర్ట్ రాసేస్తావు.

కొన్ని తప్పులు అసలు తప్పులే కావు. విమానం నిజంగా అలాగే ప్రవర్తిస్తుంది. 737లో ఇంజిన్ స్టార్ట్ స్విచ్ తిప్పితే ఎన్2 (ఇంజిన్ లోపలి భాగం తిరిగే వేగం) నెమ్మదిగా పైకెళ్లి 25 శాతం చేరకుండానే ఆగిపోయిందనుకో, కోడ్‌ని అనుమానించే ముందు తలెత్తి, ఇంజిన్‌ని తిప్పే గాలి ఒత్తిడి చూపే డక్ట్ ప్రెషర్ సూదులు చూడు. ప్యాక్‌లు (క్యాబిన్ ఏసీ యూనిట్లు) ఆన్‌లో ఉంటే తోకలోని చిన్న ఇంజిన్ ఏపీయూ ఇచ్చే గాలంతా క్యాబిన్‌కి పోతుంది, సూదులు కిందికి వాలి ఉంటాయి. ప్యాక్‌లు ఆపు, సూదులు లేస్తాయి. సముద్ర మట్టంలో కనీసం 30 పీఎస్‌ఐ ఉండాలి. అదే విమానం ఎత్తు తగ్గడం మొదలుపెట్టాల్సిన చోటు దాటినా దిగకపోతే, ఎంసీపీలో, అంటే ఆటోపైలట్ ప్యానెల్‌లో, ఎత్తు తగ్గించావా అని చూడు. అంతకు ముందే సీడీయూ, అంటే ఫ్లైట్ ప్లాన్ ఎక్కించే చిన్న తెర, ‘రీసెట్ ఎంసీపీ ఆల్ట్’ అని అడిగే ఉంటుంది. ఎయిర్‌బస్ అసలు తనంతట తాను దిగడం మొదలుపెట్టదు, ఆల్టిట్యూడ్ నాబ్ నువ్వే నొక్కాలి. ప్లాన్ దారి పట్టే నావ్ మోడ్ వదిలి, ఒకే దిక్కుకు పోయే హెడ్డింగ్‌లోకి పోయిందంటే ఫ్లైట్ ప్లాన్‌లో దారి తెగిందని చూపే డిస్‌కంటిన్యుటీ గీత ఉందేమో వెతుకు. మాన్యువల్‌లో ఆ అధ్యాయం చదవకుండా రిపోర్ట్ రాయకు తల్లీ. అవతల కోడ్ రాసేవాళ్లు కూడా నిద్ర మానుకుని చేస్తున్నవాళ్లే.

నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది, ఒక్కో విడతనూ ఎయిర్యాక్ సైకిల్ అంటారు. విమానంలో ఒక సైకిల్, సిమ్యులేటర్‌లో ఇంకో సైకిల్, ఫ్లైట్ ప్లాన్ మూడో సైకిల్‌లో చేసుకుంటే దారిలోని వేపాయింట్లు దొరక్కపోవడం, రన్‌వేకి దారి చూపే ఐఎల్‌ఎస్ రేడియో ఫ్రీక్వెన్సీ కలవకపోవడం మామూలే. మూడూ ఒకటే చేశాకే ఎగురు.

నిజమైన తప్పు దొరికిందనుకో. రెండోసారి కావాలని రప్పించగలగాలి. ముందే కాగితం మీద రాసుకున్న మూడు వెర్షన్లు, ఎయిర్యాక్ సైకిల్, గేటు, రూటు, బరువు, ఇంధనం రాయి. తర్వాత ఏ స్విచ్ తర్వాత ఏ స్విచ్ వేశావో వరుసగా రాయి, ఏమవుతుందనుకున్నావో, ఏమైందో విడివిడిగా రాయి. స్క్రీన్‌షాట్‌లో ప్రైమరీ డిస్‌ప్లే పైభాగంలో ఉండే మోడ్‌ల వరుస తప్పకుండా కనబడాలి. విమానం ఆ క్షణంలో ఏం చేస్తున్నాననుకుంటోందో అక్కడే తెలుస్తుంది. ‘ల్యాండింగ్‌లో ఏదో తేడాగా ఉంది’ అని మాత్రం రాయకు. నీలో చురుకు ఉంది, చూపు ఉంది, ఆ చూపును పూర్తిగా కాగితం మీద పెట్టు.

మొదటి రిపోర్ట్ పంపే ముందు నాకు చూపించు. దిద్దడానికి కాదు, చదవాలని ఉంది.

ఇట్లు,
మీ పెదనాన్న

మరిచాను: టెస్ట్ మధ్యలో లేవాల్సి వస్తే యాక్టివ్ పాజ్ వాడకు. విమానం గాల్లో నిలిచిపోతుంది కానీ లోపల సిస్టమ్స్ నడుస్తూనే ఉంటాయి, వదిలాక కనబడే వింతలన్నీ తప్పుల్లా కనిపిస్తాయి. మామూలు పాజ్ నొక్కి వెళ్లు. టైమ్ వేగం కూడా పెంచకు, ఎంత దూరమైనా 1 దగ్గరే ఉంచు.